పంజరంలో చెయ్యి పెడితే కరిచే చిలుక: ఎవరికి ఏ దారి నప్పుతుంది?

బయట ఉన్నంతసేపూ భుజమ్మీద కూచుని చెవి తమ్మెను మెల్లగా కొరుకుతూ గారాలు పోయే పక్షే, గింజల గిన్నె మార్చడానికి పంజరంలో చెయ్యి పెట్టగానే రక్తం కళ్లజూస్తుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చిలుకల్ని పెంచేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. మందు మాత్రం తలా ఒకటి చెప్తారు. గ్లౌజులు తొడుక్కోమంటాడు షాపతను. రెక్కలు కత్తిరించమంటాడు పక్కింటాయన. "జత తెచ్చెయ్యమ్మా, అదే సర్దుకుంటది" అంటుంది పిన్ని. పంజరం మార్చమనేవాళ్లు, తిండి మార్చమనేవాళ్లు, పక్షినే మార్చెయ్యమనేవాళ్లు కూడా ఉంటారు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, డబ్బు పోసి కొనేవాటి కంటే మనం పంజరం దగ్గర పని చేసే తీరు మార్చుకునేవే ఎక్కువ పనికొస్తాయి. ఆ లెక్క ఎట్టా తేలిందో కింద చెప్తాను.

అంతకంటే ముందు చట్టం సంగతి. మన పల్లెల్లో తరతరాలుగా వసారాల్లో వేలాడదీసిన రామచిలుక, మిగతా దేశీ చిలుకలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరమే. ఇంట్లో ఉంటే అటవీ శాఖకు అప్పగించాలి. చిన్నప్పటి నుంచి చేతి మేత తిన్న పక్షిని మిద్దెక్కి వదిలేస్తే అది కాకుల పాలే. కాబట్టి ఇక్కడ నేను మాట్లాడేది విదేశీ జాతుల గురించే: బడ్జీలు, ఆఫ్రికన్ లవ్ బర్డ్స్, కాక్‌టీల్, సన్ కొన్యూర్, క్వేకర్. మన షాపుల్లో లవ్ బర్డ్స్ అని జతల లెక్కన అమ్మేవి నిజానికి బడ్జీలు. పొట్టి తోక, బలమైన ముక్కుతో ఉండే అసలు లవ్ బర్డ్స్ వేరు, అవి కరిచే తీరూ వేరే.

ఎదురొస్తుందా, వెనక్కి పోతుందా?

ఏ దారి పట్టాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. చెయ్యి పంజరం తలుపు దగ్గరికి రాగానే పక్షి ఏం చేస్తుందో రెండు రోజులు ఊరికే చూడండి. అవతలి మూలకు పోయి, కమ్మీలకు కొట్టుకుని, దారి లేక చివరికి కరిస్తే అది భయం. అట్టా కాకుండా తలుపు వైపుకే నడిచొచ్చి, మెడ సాగదీసి, చెయ్యి ఇంకా దూరంగా ఉండగానే కమ్మీల మీదికి దూకితే అది ఇంటి కాపలా. ఇదే పక్షి వేరే గదిలో, పంజరం కనబడని చోట, అదే చేతి మీదికి మర్యాదగా ఎక్కిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కరిచే ముందు దాదాపు ప్రతి పక్షీ చెప్పే కరుస్తుంది. కాక్‌టీల్ తల మీది కుచ్చును నెత్తికి అంటుకునేట్టు వెనక్కి పడేసి బుస కొడుతుంది. సన్ కొన్యూర్ మెడ దగ్గరి ఈకలు లేపి అటూ ఇటూ ఊగుతుంది, కంటిపాప చటుక్కున చిన్నదై మళ్లీ పెద్దదవుతుంది. లవ్ బర్డ్ ఈకలన్నీ ఒంటికి అణిచేసి సన్నగా, పొడుగ్గా అయిపోయి కర్ర మీద పరుగున వస్తుంది. ఈ గుర్తులు కనబడ్డాక కూడా చెయ్యి ముందుకు పోతే తప్పు పక్షిది కాదు.

ఇన్నాళ్లూ సౌమ్యంగా ఉన్న పక్షి ఉన్నట్టుండి తిరగబడితే మాత్రం అది కాపలా అని తేల్చెయ్యకండి. ఒళ్లు నొప్పిగా ఉన్న పక్షి కూడా కరుస్తుంది. వంటింటి డిజిటల్ కాటా మీద బరువు చూడండి. బడ్జీ సుమారు 30 నుంచి 40 గ్రాములు, కాక్‌టీల్ 80 నుంచి 110, సన్ కొన్యూర్ 100 నుంచి 120 దాకా ఉంటాయి. మీ పక్షి మామూలు బరువులో పదో వంతు తగ్గినా, పగలు కూడా ఈకలు ఉబ్బించి కూచున్నా, ఊపిరికి తోక కిందికీ మీదికీ ఆడుతున్నా డాక్టరు పని ముందు.

గూడు తీసెయ్యడం: ఖర్చు లేనిది, అందరూ వదిలేసేది

కాపలాకి వెనకుండే కారణాల్లో పెద్దది గూడు. ఆస్ట్రేలియా ఎండు మైదానాల్లో బతికే బడ్జీకి పిల్లల్ని పెట్టే కాలమంటూ నెలల లెక్కతో రాదు. వాన పడి గింజ దొరికిందంటే అదే కాలం. మన ఇంట్లోనేమో గిన్నె నిండా కొర్రలు ఏడాది పొడుగునా ఉంటాయి. రాత్రి పదకొండు దాకా హాల్లో టీవీ, ట్యూబులైటు వెలుగుతూనే ఉంటాయి. దానికితోడు పంజరంలో షాపతను కట్టిచ్చిన చిన్న మట్టికుండ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ పక్షి దృష్టిలో ఇంతకంటే మంచి కాలం ఉండదు. ఆడ బడ్జీ ముక్కు మీది మైనం లాంటి భాగం ముదురు గోధుమ రంగుకు తిరిగి గరుకుగా అయిందంటే అది గుడ్లు పెట్టే హుషారులో ఉన్నట్టే. ఆ హుషారులో ఉన్నప్పుడు కుండ దగ్గరికి ఎవరొచ్చినా ఊరుకోదు.

లవ్ బర్డ్స్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. అడుగు ట్రేలో పరిచిన న్యూస్‌పేపరును ఆడపక్షి అంచు వెంబడే ముక్కుతో కుట్టుమిషన్ మాదిరి టకటకా కొరుక్కుంటూ పోయి, అగ్గిపుల్లంత వెడల్పు పేలికలుగా చీలుస్తుంది. పీచు రంగు చెంపలుండే జాతైతే ఆ పేలికల్ని నడుం దగ్గరి ఈకల్లోకి ఒక్కొక్కటే దోపుకుంటుంది. సగం జారి కింద పడిపోతాయి, మళ్లీ చీలుస్తుంది. ఈ పని మొదలైన ఇంట్లో ముందు ఆ పేపరు అందకుండా చెయ్యాలి. ట్రే మీద జల్లెడ ఉన్న పంజరమైతే సరి, లేకపోతే పేపరు తీసేసి ట్రేని రోజూ కడుక్కోండి. మిగతాదంతా ఆ తర్వాతే.

చెయ్యాల్సినవి ఇవి. కుండ, కొబ్బరి చిప్ప, అట్టపెట్టె, గుడ్డతో చేసిన గుడిసె లాంటివి తీసెయ్యాలి. సోఫా కిందికి, బీరువా సందులోకి దూరనివ్వకూడదు. రోజుకు పది నుంచి పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం ఇవ్వాలి. వెచ్చగా, మెత్తగా ఉడికించిన తిండి రోజూ పెట్టకూడదు. నిమిరితే తల, మెడ వరకే. వీపు, రెక్కల కింద నిమరడం దానికి జతగాడు చేసే పని. ఇవన్నీ రెండు మూడు వారాలు వరసగా పాటిస్తేగానీ తేడా తెలీదు.

పంజరం కప్పే విషయంలో మన ఎండల్ని మర్చిపోవద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. దుప్పటి కప్పి కరెంటు పోతే లోపల పక్షి ఉడికిపోతుంది. పాత నూలు పంచె మూడు వైపులా వేసి, గోడ వైపు వదిలేస్తే చాలు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని ఉన్న పక్షికి ఆ పూట ఏ శిక్షణా వద్దు. నీళ్లు, నీడ చూడండి.

ఇప్పటికే గుడ్లు పెట్టేసి ఉంటే? గుడ్లు తీసి పారెయ్యాలనిపిస్తుంది గానీ, తీసేకొద్దీ లెక్క పూర్తి చెయ్యడానికి మళ్లీ పెడుతుంది, ఒంట్లోని కాల్షియం ఊడ్చుకుపోతుంది. జత లేకుండా పెట్టిన గుడ్లు ఎలాగూ పిల్లలు కావు. మూడు వారాలు దాని మానాన దాన్ని వదిలేస్తే విసుగొచ్చి లేచిపోతుంది. అప్పుడు తీసెయ్యండి. కాల్షియం కోసం కొరుక్కునే కటిల్ బోన్ ముక్క మాత్రం పంజరంలో ఎప్పుడూ ఉండాలి. ఈ మూడు వారాలూ కరిచిందని ఏ దారీ పట్టొద్దు.

గ్లౌజులు, గదమాయింపు, నీళ్లు చల్లడం

వీటి గురించి ఎక్కువ రాయను. కరిస్తే చెయ్యి వెనక్కి పోయింది, అంటే కరవడం పనిచేసింది అని పక్షి నేర్చుకుంటుంది. గ్లౌజు తొడిగితే ఇంకా గట్టిగా కరవాలని నేర్చుకుంటుంది. పైగా మందపాటి గ్లౌజులో మన పట్టు మనకు తెలీదు. పక్షులకు మనలాగా ఊపిరి ఆడించే ఉదరవితానం (డయాఫ్రమ్) లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే ఊపిరి. రొమ్ము చుట్టూ బిగించి పట్టుకుంటే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే పల్చటి తువ్వాలు మేలు, మెడ దగ్గర పట్టు, రొమ్ము వదులు. "కదలకుండా చెయ్యి అట్టే ఉంచు, అదే మానుకుంటుంది" అనే సలహా కూడా వింటుంటాం. సన్ కొన్యూర్ ముక్కు కింద చెయ్యి కదలకుండా ఉంచగలిగినవాళ్లని నేనైతే చూళ్ళేదు.

కరిచిన చోట సబ్బు పెట్టి ధారగా నీళ్ల కింద కడగండి. లోతుగా దిగితే టీటీ గురించి డాక్టరును అడగండి. కుక్కకాటు సూదులు అక్కర్లేదు, రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, పక్షుల వల్ల రాదు. ముసలాళ్లున్న ఇళ్లలో ఈ భయంతోనే పక్షిని ఎవరికో ఇచ్చేస్తుంటారు.

బయటికి పిలిచి పని చేసుకోవడమా, లోపలుండగానే చేసుకోవడమా?

అసలు పోటీ ఈ రెండిటి మధ్యే.

మొదటిది: పక్షి తనంతట తాను బయటికొచ్చి పంజరం పైకో, పక్కనున్న స్టాండు మీదికో ఎక్కాక, దాని వీపు వెనక గిన్నెలు, ట్రే అన్నీ మార్చేసుకోవడం. చేతిని లోపలికి పంపి బయటికి లాగడం ఉండదు. తలుపు తెరిచి, కాస్త దూరంలో స్టాండు మీద జామకాయ ముక్కో, పచ్చి సజ్జ కంకో పెట్టి ఊరుకోవడమే. చేతికి అలవాటైన ఒంటరి కాక్‌టీల్‌కి, కొన్యూర్‌కి దీన్ని మించింది లేదు. చిక్కల్లా ఫ్యానే. మే నెలలో నెల్లూరులో ఫ్యాను ఆపి కూచోవడం అయ్యే పని కాదు, తిరిగే ఫ్యాను కింద పక్షిని వదలడం అంతకంటే కాదు. కాబట్టి ఎండాకాలం తెల్లారుజామున ఆరింటికి ఒకసారి, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక ఒకసారి, దోమల మెష్ ఉన్న గదిలో ఫ్యాను ఆపి చేసుకోవాలి. వంటింట్లో మాత్రం వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసనే గానీ పక్షికి విషం.

రెండోది: పక్షి లోపలే ఉంటుంది, చెయ్యి లోపలికి పోదు. గిన్నెలు బయట నుంచే తిప్పి తీసే చిన్న తలుపులున్న పంజరం, కిందనుంచి లాగే ట్రే ఉంటే చాలు. పంజరానికి కొంచెం ఎక్కువ పెట్టాలి, అంతే. బడ్జీల గుంపు పెంచేవాళ్లకి, పొద్దున్నే ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లకి, వేలు పెట్టి చూసే పసిపిల్లలున్న చోట ఇదే సరైంది. పక్షి మచ్చిక కాలేదని చిన్నబోవాల్సిన పనేమీ లేదు. జతగా ఉన్న బడ్జీలకు మన చెయ్యి అవసరమే లేదు.

ఈ రెండిటికీ వంతెన పుల్ల శిక్షణ. పక్షి గిన్నె దగ్గర కాపు కాస్తుంటే దాన్ని అవతలి చివరికి పంపడానికి, బయటికి రానిదాన్ని రప్పించడానికి, రెండిటికీ పనికొస్తుంది. ఖర్చు ఒక కొబ్బరి చీపురు పుల్ల. చిలక జోస్యం చెప్పేవాళ్లని గుర్తు తెచ్చుకోండి. తలుపు తియ్యగానే పక్షి నడిచొచ్చి, కార్డు లాగి, ఒక వడ్లగింజ తీసుకుని తనే లోపలికి పోతుంది. ఆ పక్షిని అట్టా ఉంచుకోవడం నేరమే, అందులో వాదన లేదు. కానీ ఆ నడక వెనకున్న సూత్రం మాత్రం సరైందే: చేసిన పనికి వెంటనే గింజ.

పద్ధతి చెప్తాను. ముందు రోజూ గిన్నెలో వేసే పొద్దుతిరుగుడు గింజలు ఆపెయ్యండి, ఇకమీదట అవి మీ చేతి నుంచే రావాలి. పంజరం తలుపు మూసే ఉంచి, కమ్మీల సందులోంచి పుల్ల కొన మాత్రం లోపలికి చూపించండి. ఏంటిదని ముక్కు తగిలిస్తుంది. తగిలించిన ఆ క్షణమే నాలుకతో ఒకసారి "టక్" అనండి, గింజ ఇవ్వండి. పుల్లను కొరికి లాక్కోబోతే లాగనివ్వకుండా వెనక్కి తీసుకోండి, తాకినప్పుడే గింజ. ఐదు నిమిషాలు చాలు, పొద్దున, సాయంత్రం. తాకడం వచ్చాక పుల్లను ఒక కర్ర మీంచి ఇంకో కర్ర మీదికి, తర్వాత పంజరం ఆ చివరికి జరుపుతూ పోండి. అది ఆ చివర గింజ ఒలుచుకునే లోపు ఈ చివర గిన్నె మారిపోతుంది. మొదటి రోజుల్లో గిన్నెను ముట్టుకుని వదిలెయ్యండి చాలు. పక్షి మెడ సాగిందంటే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగండి.

కొన్ని పక్షులకు ఇది మూడు రోజుల్లో వస్తుంది, కొన్నిటికి నెల పడుతుంది. ఇంట్లో అందరూ ఒకే తీరుగా చెయ్యకపోతే ఎన్ని నెలలైనా రాదు. అమ్మ పుల్లతో నేర్పుతుంటే పిల్లోడు పెన్నుతో కమ్మీల మీద వాయించి ఆటపట్టిస్తే, రెండోదే ముందు నేర్చుకుంటుంది.

పంజరం మార్చడం, రెక్కలు కత్తిరించడం, జత తేవడం

పంజరం లోపలి అమరిక మార్చడం మంచి సాయమే, ఒంటరిగా వైద్యం మాత్రం కాదు. పక్షి బయట ఉన్నప్పుడు కర్రల స్థానాలు, బొమ్మలు మారిస్తే, అంగుళం అంగుళం తనదనుకున్న చోటు కొంత కొత్తదవుతుంది. పడుకునే కర్రకు గిన్నె దూరంగా పెట్టడం అన్నిటికంటే ముఖ్యం. వేప, జామ కొమ్మలు కడిగి ఎండబెట్టి వాడండి, ఒకే మందం ప్లాస్టిక్ కర్రల కంటే కాళ్లకూ మంచిది. భయస్థురాలైన పక్షికి మాత్రం అన్నీ ఒకేసారి మార్చెయ్యకూడదు. పంజరం పెట్టిన చోటు కూడా చూసుకోండి. నాలుగు వైపులా మనుషులు తిరిగే నట్టింట్లో వేలాడే పంజరంలోని పక్షికి ఇరవై నాలుగ్గంటలూ కాపలా డ్యూటీనే. ఒక వైపైనా గోడ ఉండాలి. కోతులు తిరిగే ఊళ్లలో వసారా కంటే కిటికీకి కాస్త పక్కగా గది మేలు. గుండ్రటి పంజరం అందానికే. నలుచదరం కొనండి, కమ్మీల మధ్య సందు బడ్జీకి, లవ్ బర్డ్‌కి అరంగుళం దాటకూడదు.

క్వేకర్ ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక మాట. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చిలుక మిగతావాటిలాగా చెట్టు తొర్ర వెతుక్కోదు, పుల్లలు పేర్చి గూడు కడుతుంది. కాబట్టి కుండ తీసేస్తే సరిపోదు, చిన్న పుల్లలు, స్ట్రాలు, పొడుగు బొమ్మలు ఏవీ దొరకనివ్వొద్దు. కాపలా బుద్ధి దీనికి మిగతావాటి కంటే గట్టిది. పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకుండా, బయటికి పిలిచి పని చేసుకునే దారికే కట్టుబడండి.

రెక్కలు కత్తిరించడం ఫ్యాను భయానికి కొందరు చేస్తారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ కరవడానికి అది మందు కాదు. ఎగిరి తప్పించుకోగల పక్షికి రెండు దారులుంటాయి, రెక్క పోయినదానికి ముక్కు ఒక్కటే మిగులుతుంది.

జత తేవడం నా దృష్టిలో అన్నిటికంటే రిస్కున్న ఎంపిక. కాపలా కాస్తున్న పంజరంలోకి కొత్త పక్షిని వదిలితే మీ వేలికి పడే కాటు దాని కాలికి పడుతుంది, లవ్ బర్డ్స్ అయితే కాలివేళ్లు తెగేదాకా పోతాయి. కుదిరితే జత కడతాయి, అప్పుడు కాపలా ఇద్దరిదవుతుంది. ఒంటరితనం కోసం తేవాలనుకుంటే వేరే పంజరంలో, వేరే గదిలో నెల రోజులు ఉంచి, ఇద్దరికీ కొత్తదైన చోట కలపండి. ఇంకోటి, 2024లో వచ్చిన నియమాల ప్రకారం సన్ కొన్యూర్, క్వేకర్, ఆఫ్రికన్ గ్రే లాంటివి ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. బిల్లు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొంటే ఆ తలనొప్పి మీదే. బడ్జీ, కాక్‌టీల్‌కి ఈ గొడవ లేదు.

ఇంతకీ మీరేం చెయ్యాలి?

కుండతో ఉన్న బడ్జీల జత, పిల్లలు అక్కర్లేదు అనుకుంటే: కుండ తీసెయ్యడం, చీకటి, బయట నుంచి తీసే గిన్నెలు. శిక్షణ అవసరం లేదు. పిల్లలు కావాలనుకుంటే కరవడాన్ని కూడా ఒప్పుకోవాలి.

ఒంటరి కాక్‌టీల్ లేదా కొన్యూర్, ఇంట్లో ఒకరైనా రోజుకు పదిహేను నిమిషాలు ఇవ్వగలిగితే: పుల్ల శిక్షణ, ఆ తర్వాత బయటికి పిలిచి పని. టైము అస్సలు లేకపోతే గిన్నెల తలుపులున్న పంజరం కొని, నమ్మకమైన ఒక్కరే మేత పెట్టండి. రోజూ గింజలు మాత్రమే తినే పక్షి అయితే మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము మెల్లగా అలవాటు చెయ్యండి. గింజల్లో ఎ విటమిన్ చాలదు, ఒంట్లో బాగోలేని పక్షికి చిరాకెక్కువ.

ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో లవ్ బర్డ్ గానీ క్వేకర్ గానీ కొత్తగా కొనాలనుకునేవాళ్లకి నా సలహా, కొనొద్దు. కాక్‌టీల్ చూడండి.

రెండు నెలలు సరిగ్గా చేసినా మార్పు లేకపోతే పక్షుల గురించి బాగా తెలిసిన డాక్టరుకు చూపించాలి. మన దగ్గరి పశువైద్యశాలల్లో గేదెలు, గొర్రెల పనే ఎక్కువ, పక్షులంటే కోళ్లే. నెల్లూరు నుంచి తిరుపతి వెటర్నరీ కాలేజీ గానీ, చెన్నై వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ గానీ పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే దూరమే. ఒంగోలు వాళ్లకి ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి. ప్రయాణం అనుకున్న రోజునే పక్షిని పట్టి పెట్టెలో వెయ్యబోతే ఇన్నాళ్ల శిక్షణా నీళ్లపాలవుతుంది. వారం ముందే ఆ చిన్న పంజరాన్ని తలుపు తెరిచి గదిలో పెట్టి, చీపురు పుల్లతో లోపలికి, బయటికి నడిపించండి. బయల్దేరే రోజు పొద్దున ట్రేలోని పేపరు మార్చకుండా రెట్టలతో సహా మడిచి తీసుకెళ్లండి, రాసుకున్న బరువుల చీటీ కూడా. డాక్టరు ముందు అడిగేవి ఆ రెండే.